వాళ్లు చెప్పినంతే మనకు తెలిసేది: టెన్త్, ఇంటర్ పిల్లల మాట వినడం ఎలా

టెన్త్ చదివే కుర్రాడు సాయంత్రం ఇంటికొచ్చి, సంచీ మంచం మీద పడేసి, "అమ్మా, రేపట్నుంచి నాను ట్యూషన్‌కి ఎల్లను" అన్నాడనుకుందాం. శ్రీకాకుళం జిల్లా నరసన్నపేటలోనైనా విజయనగరం జిల్లా నెల్లిమర్లలోనైనా ఆ తర్వాత వినిపించే మాటలు దాదాపు ఇవే. "ఎందుకెల్లవు? సదువు ఎక్కువైపోనాదేటి?" "పరీచ్చలు నెత్తి మీదకొచ్చినాయి, ఇప్పుడిదేటిరా?" "ఉండు, రాత్రి మీ నాన్న ఫోన్ సేస్తే సెప్తాను." కుర్రాడు "ఏటీ నేదులే" అనేసి బయటికి పోతాడు. ఇదంతా అర నిమిషంలో అయిపోతుంది. వాడు ఎందుకు వెళ్లనన్నాడో ఆ ఇంట్లో ఇక ఎవరికీ తెలియదు.

ఆ తల్లి మాటల్లో దురుద్దేశం లేదు. మూడూ ఆందోళనతో వచ్చినవే. కానీ మొదటిది వాణ్ని సంజాయిషీ అడిగింది, రెండోది వాడికి తెలిసిన సంగతే మళ్లీ చెప్పింది, మూడోది బెదిరించింది. తన మాటకు జవాబుగా ఈ మూడే వస్తాయని తెలిశాక, ఏ పిల్లవాడైనా రెండోసారి నోరు విప్పే ముందు లెక్క వేసుకుంటాడు.

ఈ లెక్క దగ్గరే అసలు విషయమంతా ఉంది. పిల్లలు ఎక్కడికెళ్తున్నారో, ఎవరితో తిరుగుతున్నారో కనిపెట్టుకుని ఉంటే వాళ్ల సంగతి మనకు తెలుస్తుందని చాలాకాలం నిపుణులు కూడా అనుకున్నారు. స్వీడన్‌లో హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు పద్నాలుగేళ్ల పిల్లలనూ వాళ్ల తల్లిదండ్రులనూ ప్రశ్నించి చేసిన పరిశోధన 2000లో వచ్చాక ఆ నమ్మకం మారింది. పెద్దలకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఆరా తీయడం వల్ల వచ్చింది కాదు, ఆంక్షలు పెట్టడం వల్ల వచ్చిందీ కాదు. పిల్లలు తమంతట తాము చెప్పడం వల్ల వచ్చింది. అలా చెప్పే అలవాటున్న పిల్లలే చెడు పనుల జోలికి తక్కువగా వెళ్లారని కూడా అందులో తేలింది. కాబట్టి తల్లిదండ్రులు వేసుకోవలసిన ప్రశ్న "వీడి గురించి ఎలా కనిపెట్టాలి" అని కాదు, "నాకు చెప్తే వీడికి ఏం నష్టం జరుగుతోంది" అని.

చెప్తే ఏం పోతుంది

అబ్బాయికి ఫోన్ పోతుంది, క్రికెట్ పోతుంది, ఫలానా స్నేహితుడితో తిరగడం పోతుంది. అమ్మాయి విషయంలో నష్టం ఇంకా పెద్దది. ఊరి నుంచి జూనియర్ కాలేజీకి బస్సులోనో ఆటోలోనో వెళ్లే పిల్ల, దారిలో ఒకడు వెంటపడుతున్నాడని ఇంట్లో చెప్తే ఏమవుతుంది? చాలా ఇళ్లలో ముందు ఆగేది వాడి అల్లరి కాదు, పిల్ల కాలేజీ. ఆ తర్వాత సంబంధాలు చూడటం మొదలవుతుంది. పద్దెనిమిది నిండకుండా పెళ్లి చట్టవిరుద్ధమని అందరికీ తెలుసు, అయినా మాటలు నడుస్తాయి. ఇదంతా ఆ పిల్ల తన అక్క విషయంలోనో పక్కింటి పిల్ల విషయంలోనో చూసే ఉంటుంది. అందుకే ఏదీ చెప్పదు. ఇంట్లో వాళ్లు మాత్రం "మా పిల్ల బుద్ధిమంతురాలు, దానికి ఏ గొడవా లేదు" అనుకుంటారు.

దీనికి మందు ఒకటే. గొడవేమీ లేని మామూలు రోజున, నలుగురూ ఉన్నప్పుడు కాకుండా పిల్లతో విడిగా ఉన్నప్పుడు, ముందే ఒక మాట ఇవ్వాలి. "దారిలో ఎవడైనా ఏదైనా అంటే నాతో చెప్పు. చెప్పినందుకు నీ కాలేజీ మాన్పించం. ఏం చెయ్యాలో ఇద్దరం కలిసి చూద్దాం." ఆ మాట తండ్రి నోటి నుంచి వస్తే బలం ఎక్కువ, ఎందుకంటే పిల్ల భయపడేది ఎక్కువగా ఆయన నిర్ణయానికే. ఇచ్చిన మాట ఒక్కసారి తప్పితే మళ్లీ నమ్మకం కుదరడానికి ఏళ్లు పడుతుంది.

ఇంకో నష్టం ఉంది, దాన్ని పెద్దలు నష్టంగానే లెక్కపెట్టరు. చెప్పిన సంగతి ఊరంతా తెలిసిపోవడం. తల్లి తన చెల్లెలితో అంటుంది, ఆవిడ వాళ్లాయనతో అంటుంది, పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి చుట్టాలందరూ విజయనగరంలో కలిసినప్పుడు ఒక బాబాయి నవ్వుతూ "ఏటిరా, మేథ్స్ అంటే ఏడుపొస్తందంటకదా?" అంటాడు. ఆయనకది సరదా. పిల్లవాడికి మాత్రం ఇంట్లో చెప్పిన మాట ఇంట్లో ఉండదని రుజువైపోయింది. పిల్లలు చెప్పిన ఏ సంగతైనా మూడో మనిషికి చెప్పే ముందు వాళ్లనే అడగాలి, ఆ మూడో మనిషి మేనత్త అయినా సరే.

ఇక వయసు వల్ల వచ్చే మార్పులు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2022లో ప్రచురించిన అధ్యయనంలో, పన్నెండేళ్ల లోపు పిల్లల మెదడులో సంతోషానికి సంబంధించిన భాగాలు తల్లి గొంతుకు బాగా స్పందించాయి. పదమూడు దాటిన వాళ్లలో ఆ స్పందన కొత్తవాళ్ల గొంతుకు ఎక్కువగా కనిపించింది. అమ్మ మీద ప్రేమ తగ్గిందని దీనర్థం కాదు. ఇల్లు దాటి లోకంలోకి వెళ్లడానికి మెదడు సిద్ధమవుతోంది. "ఇది వరకు నా వెనకాలే తిరిగేవాడు, ఇప్పుడు పిలిస్తే పలకడు" అని బాధపడే తల్లులు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది. వెనకా ముందూ ఆలోచించే మెదడు ముందుభాగం ఇరవై ఐదేళ్ల వరకు ఎదుగుతూనే ఉంటుంది. అందుకే కోపంగా ఉన్న పదిహేనేళ్ల వాడితో తర్కం నడవదు, చల్లబడ్డాక నడుస్తుంది.

నిద్ర సంగతి ఇంతకన్నా ముఖ్యం. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. కానీ ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోను ఒకటి రెండు గంటలు ఆలస్యంగా విడుదలవుతుంది. రాత్రి పదకొండు దాకా కన్ను మూతపడదు, తెల్లారి ఐదుకి స్టడీ అవర్‌కి లేవాలి. అంటే దక్కేది ఆరు గంటలు. అలాంటి పిల్ల పొద్దున్నే విసుక్కుంటే అది పొగరు కాదు, నిద్ర చాలకపోవడం. ముఖ్యమైన మాట ఏదీ ఉదయం బస్సు టైముకి ముందు ఎత్తకూడదు. రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నర మధ్య వాళ్లు బాగా మాట్లాడతారు. తెల్లవారుజామున లేచి పనిలో పడ్డ తల్లికి అప్పటికి కళ్లు మూతలు పడుతుంటాయి, నిజమే. రోజూ అక్కర్లేదు. వారానికి రెండు రాత్రులు అరగంట మేలుకోగలిగితే చాలు.

మొదటి నిమిషం

మళ్లీ ట్యూషన్ కుర్రాడి దగ్గరికి వద్దాం. తల్లి చిక్కుడుకాయలు వొలుస్తోంది. ఈసారి చేతిలో పని ఆపలేదు, తలెత్తి ఒకసారి చూసిందంతే.

"రేపట్నుంచి నాను ట్యూషన్‌కి ఎల్లను."

"ఎల్లవా."

"ఆఁ. ఆ సారు బాగా సెప్పడు."

"ఊఁ."

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు.)

"ఇయాల పేర్లు సదివినాడు."

"పేర్లా?"

"ఫీజు కట్టనోల్ల పేర్లు. అందరి ముందల నిలబెట్టీసినాడు."

"అందరి ముందలా... సిగ్గేసిందా, కోపమొచ్చిందా?"

"రెండూని. నాన్నకి మాత్రం సెప్పకే. ఆయనకి అక్కడ పన్లేదు కదా."

ఇందులో తల్లి పలికిన మాటలు పది కూడా లేవు. "ఎల్లవా" అన్నది ప్రశ్న కాదు, వాడి మాటనే వాడికి తిరిగి ఇవ్వడం. "సారు బాగా సెప్పడు" అన్నది అసలు కారణం కాదు. పిల్లలు మొదట చెప్పే కారణం చాలాసార్లు ఇలాగే ఉంటుంది. నీళ్లలో దిగేముందు కాలు పెట్టి లోతు చూసినట్టు, పెద్దవాళ్లు ఏమంటారో చూడటానికి ఒక మాట వదులుతారు. ఆవిడ అక్కడే "మొన్నటిదాకా బాగా సెప్తాడన్నావు కదరా" అని పట్టుకుని ఉంటే గెలిచేది, పేర్ల సంగతి మాత్రం బయటికొచ్చేది కాదు.

"ఊఁ" తర్వాత వచ్చిన ఆ నిశ్శబ్దం పెద్దలకు చాలా కష్టం. ఏదో ఒకటి అనాలనిపిస్తుంది. మనసులో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టుకోవడం పనికొస్తుంది. పది వచ్చేలోపే చాలామంది పిల్లలు తర్వాతి మాట అంటారు. అనకపోతే "ఊఁ, సెప్పు" చాలు.

"ఎందుకు" అనే ప్రశ్న మొదటి ఐదు నిమిషాల్లో వద్దు. "ఎందుకెల్లవు", "ఎందుకలా సేసినావు" అన్న వెంటనే పిల్లలు తమను తాము కాపాడుకునే పనిలో పడతారు. "ఏటయ్యింది", "అప్పుడు నువ్వేటి సేసినావు", "ఎప్పట్నుంచి" అనే ప్రశ్నలు జరిగినది చెప్పిస్తాయి. మనసులో ఏముందో అడిగేటప్పుడు "ఎలా అనిపించింది" అంటే ఈ వయసు మగపిల్లల దగ్గర చాలావరకు "ఏటో" అనే జవాబే వస్తుంది. రెండు మాటలు ముందు పెట్టి, సిగ్గా కోపమా అని అడిగితే ఏరుకోవడం తేలిక. రెండూ కావంటే దిద్దుతారు. దిద్దడం కూడా మాట్లాడటమే కదా.

ఎదురెదురుగా కూర్చోబెట్టి "చెప్పు" అంటే ఏ పిల్లా చెప్పదు. పనిలో పక్కపక్కన ఉన్నప్పుడు మాట తేలిగ్గా వస్తుంది, మొహంలోకి చూడక్కర్లేదు కనుక. ఉద్దానం ఇళ్లలో వేసవిలో జీడిపిక్కలు ఏరేటప్పుడు, బండి మీద ఆమదాలవలస స్టేషన్‌కి దింపేటప్పుడు, విజయనగరం నుంచి విశాఖకు ప్యాసింజర్లో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు వాళ్లే మొదలుపెడతారు. టీవీ ఆపి, ఫోన్ పక్కనపెట్టి, "రా, మాట్లాడుకుందాం" అనడం ఏదో తప్పు దొరికిపోయినట్టు ఉంటుంది వాళ్లకి. ఫోన్ మన చేతిలో లేకపోతే చాలు, అది ప్రకటించనక్కర్లేదు.

విన్న తర్వాత

కుర్రాడు ఫీజు సంగతి చెప్పాడు. ఇక్కడ రెండో పొరపాటు పొంచి ఉంటుంది: వెంటనే రంగంలోకి దూకడం. "పద, ఆ సారు సంగతి ఇప్పుడే తేల్చుతాను" అని తల్లి లేచిందంటే, రేపు క్లాసులో నవ్వులపాలయ్యేది వాడే. ముందు విన్నది వాడికి తిరిగి చెప్పాలి. "అంటే ట్యూషన్ ఇష్టం నేక కాదు, అందరి ముందల పేరు సదవడం నీకు నచ్చనేదు. నాన్నకి తెలిస్తే బాధపడతాడని నాకూ సెప్పనేదు. అంతేనా?" తప్పైతే వాడు దిద్దుతాడు, నిజమైతే తలూపుతాడు. తర్వాత అడగవలసింది: "ఇప్పుడు నన్నేటి సెయ్యమంటావు? ఊరికే వినమంటావా, ఏటైనా సెప్పమంటావా, నాను సారుతో మాటాడమంటావా?" మూడోది కావాలంటే ఎలా మాట్లాడాలో కూడా వాడే చెప్తాడు. బహుశా క్లాసుకి రాకుండా, ఫోన్లో, "పది రోజుల్లో కడతాం, పిల్లడిని నిలబెట్టకండి" అని. అలా చెయ్యడం వల్ల పని జరుగుతుంది, వాడి పరువూ దక్కుతుంది.

తండ్రి చెన్నైలోనో హైదరాబాద్‌లోనో కూలికి వెళ్లిన ఇళ్లలో పిల్లలు ఇలా తల్లిదండ్రులను కాపాడటానికే నోరు కట్టుకోవడం మన జిల్లాల్లో చాలా ఎక్కువ. దూరాన ఉన్న తండ్రి రాత్రి ఫోన్ చేస్తాడు. "తిన్నావా? సదువుతున్నావా? అమ్మకియ్యి." రోజూ ఈ మూడే. పిల్ల "ఆఁ, ఆఁ" అని ఫోన్ తల్లి చేతికిచ్చేస్తుంది. ప్రేమ లేక కాదు, వేరే మాట ఎలా అడగాలో ఇద్దరికీ తెలియక. దాన్ని కొద్దిగా మార్చితే చాలు. వారంలో ఒక రాత్రి ఫోన్ ముందు పిల్లకే, చివర్లో కాదు. స్పీకర్ ఆపి, గది బయటికి తీసుకెళ్లి మాట్లాడనివ్వాలి. కిందటిసారి ఆ పిల్ల చెప్పిన సంగతి ఒకటి గుర్తుపెట్టుకుని దానితోనే మొదలుపెట్టాలి. "ఆ రోజు స్లిప్ టెస్ట్ అన్నావు, నీ పక్కన కూచునే పిల్లకి జొరం తగ్గిందా?" గుర్తుండదనుకుంటే కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోవచ్చు. ఆ ఒక్క ఫోన్లో మార్కులు అడగొద్దు. ఫోన్లో నిశ్శబ్దం వస్తే లైను పోయిందేమోనని పిల్ల "హలో" అంటుంది, అందుకని "ఉన్నాను, సెప్పమ్మా" అనాలి. గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి చేపల బోటెక్కేవాళ్లు సిగ్నల్ అందని నీళ్లలోకి పోయే ముందే "మల్లీ ఇన్ని రోజులకి సేస్తాను, అప్పటిదాకా ఏదైనా ఉంటే మావయ్యకి సెప్పు" అని ఒక మనిషిని చూపించి వెళ్లాలి. ఆ మనిషి ఎవరన్నది పిల్లలే ఎంచుకుంటే మంచిది.

హాస్టల్లో ఉన్న పిల్లల ఫోన్ ఇంకో రకం. ఆదివారం, వార్డెన్ ఫోన్, వెనకాల వరసలో నిలబడ్డ పిల్లలు. అక్కడ "బాగున్నావా" అంటే "బాగున్నాను" అనే జవాబు తప్ప ఇంకోటి రాదు. "ఈ వారం ఎవరి పక్కన కూచుని తిన్నావు?", "రాత్రి ఎన్నింటికి పడుకున్నావు?" లాంటివి పక్కవాళ్లు విన్నా ఫర్వాలేని ప్రశ్నలు, కానీ ఒంటరిగా తింటోందా, నిద్ర పోతోందా అన్నది తెలుస్తుంది. చేర్చే రోజే ఒక గుర్తు మాట అనుకోవాలి. "మామ్మ ఆవకాయ పంపండి" అంటే "ఇక్కడ చెప్పలేను, వచ్చి కలవండి" అని. ఆ మాట వినగానే రెండు రోజుల్లో ఎవరో ఒకరు వెళ్లాలి. సంక్రాంతికి తీసుకొస్తాంలే అనుకుంటే ఆ గుర్తుకు అర్థం లేదు.

ఫలితాల రోజు, అంతకన్నా కష్టమైన రోజు

టెన్త్, ఇంటర్ ఫలితాలు వచ్చే ముందు వారంలోనే ఇంట్లో చెప్పి ఉంచవలసిన మాట ఒకటుంది: "ఎన్నొచ్చినా ముందు ఇంటికి రా." ఏదైనా సబ్జెక్టులో పాస్ మార్కు రాకపోతే సప్లిమెంటరీ ఉంది, అదే వేసవిలో రాసుకుంటే సంవత్సరం పోదు. రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ ఉన్నాయి. ఇవన్నీ ఫలితాలకు ముందే చెప్పాలి, ఫలితం చూసిన గంటలో చెప్తే తలకెక్కవు. ఆ గంటలో చెయ్యవలసింది పక్కన కూర్చుని అన్నం పెట్టడం, పలకరించడానికి వచ్చే చుట్టాల ఫోన్లు తామే ఎత్తడం.

"నేను లేకపోతే మీకు హాయి", "ఇంకెందుకు బతకడం" లాంటి మాట పిల్లల నోట వస్తే, తిట్టడం, ఒట్టు వేయించుకోవడం రెండూ వద్దు. సూటిగా అడగాలి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా? ఎలా అని ఆలోచించావా?" అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడతారు. అది నిజం కాదని పరిశోధనలు చెప్తున్నాయి. అడిగితే బరువు దిగుతుంది. అవునంటే ఆ పిల్లను ఒంటరిగా వదలకూడదు. వ్యవసాయం చేసే ఇళ్లలో పురుగుమందు, గడ్డిమందు డబ్బాలు మంచం కిందో అటక మీదో ఉంటాయి. అదే రోజు వాటిని ఇంట్లోంచి తీసేయించాలి, మాత్రలు తాళం వెయ్యాలి. గడ్డిమందుల్లో పారాక్వాట్ లాంటి దానికి విరుగుడు లేదు. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416 రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. తల్లిదండ్రులు కూడా చెయ్యొచ్చు. ప్రమాదం కళ్లముందుంటే అత్యవసర నంబరు 112. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రులున్నాయి, అత్యవసర విభాగానికి ఏ వేళైనా తీసుకెళ్లవచ్చు. "జనం ఏమనుకుంటారు" అని తెల్లారే దాకా ఆగకూడదు.

ఎవరైనా ఒంటి మీద చెయ్యి వేశారని పిల్ల చెప్తే మొదటి మాట "చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పు లేదు" అని ఉండాలి. "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాట ఇవ్వకూడదు. పద్దెనిమిది లోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే ఫిర్యాదు చెయ్యడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. ఇవ్వగలిగిన మాట వేరు: "నీకు చెప్పకుండా ఏ అడుగూ వెయ్యను." పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే ఏం చెయ్యాలో దారి చూపిస్తారు.

వినడం అంటే ఒప్పుకోవడం కాదు

వింటే నెత్తికెక్కుతారని భయపడే తండ్రులున్నారు. పదహారేళ్ల వాడు కాలేజీకి బైక్ కావాలన్నాడనుకుందాం. పూర్తిగా వినాలి. బస్సులో నిలబడే చోటు కూడా ఉండదు, సాయంత్రం ల్యాబ్ అయ్యేసరికి ఆఖరి బస్సు పోతుంది, స్నేహితులందరికీ ఉంది. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే, అవునని ఒప్పుకోవాలి. ఆ తర్వాత కూడా జవాబు కాదనే. గేర్ల బండికి పద్దెనిమిది నిండాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత మైనరు బండితో దొరికితే బండి ఇచ్చిన తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. "బైక్ ఇవ్వలేను. ఆఖరి బస్సు సంగతి మాత్రం చూద్దాం" అంటే, అడిగినది దొరకకపోయినా చెప్పింది వృథా కాలేదని వాడికి తెలుస్తుంది. విసుగుతో "కాదంటే కాదు" అనేస్తే, వాడు స్నేహితుడి బండి వెనకాలెక్కి వెళ్తాడు, ఇంట్లో చెప్పడు.

ఎంత జాగ్రత్తపడినా అరిచే రోజులు వస్తాయి. నాట్ల పని, అప్పులవాడి ఫోను, కరెంటు లేని రాత్రి, అప్పుడే పిల్ల ఏదో అంటుంది, చెయ్యెత్తినంత పనవుతుంది. దాన్ని సరిదిద్దడానికి మర్నాడు రెండు వాక్యాలు చాలు. "నిన్న నువ్వు సెప్పింది పూర్తిగా వినకుండా అరిసేసినాను. నీకు ఎప్పుడు సెప్పాలనిపిస్తే అప్పుడు ఇంటాను." ఆ తర్వాత "కానీ నువ్వు కూడా" అనే ముక్క చేర్చకూడదు. అది చేరిస్తే ముందున్నదంతా కొట్టుకుపోతుంది. పిల్ల వెంటనే ఏమీ అనకపోవచ్చు, భుజాలెగరేసి వెళ్లిపోవచ్చు. ఆ సాయంత్రమే మళ్లీ అడగొద్దు. మూడు నాలుగు రోజుల్లో ఏదో చిన్న సంగతి, టీచర్ చీర గురించో బస్సులో చిల్లర గురించో, తనే వచ్చి చెప్తే అప్పుడు చేతిలో ఫోన్ పక్కనపెట్టి ఊఁ కొట్టాలి. పెద్ద సంగతి ఇంట్లో చెప్పొచ్చో లేదో పిల్లలు తేల్చుకునేది ఇలాంటి చిన్న సంగతులతోనే.